రాత్రి షిఫ్టుకు మూడు మార్కులు: ఒక కంపెనీ ఇంక్రిమెంట్ల కథ, లెక్కలతో సహా

ఏప్రిల్ 20న ఇంక్రిమెంట్ లెటర్లు పంచాం. మర్నాడు పొద్దున క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) ల్యాబ్‌లో పనిచేసే సీనియర్ కెమిస్ట్ ఒకతను రాత్రి షిఫ్టు దిగి, ఇంటికి వెళ్లే కంపెనీ బస్సు వదిలేసి, తొమ్మిదింటిదాకా నా గది బయట కూర్చున్నాడు. కోపంగా లేడు. లెటరు నా బల్ల మీద పెట్టి ఒక్కటే అడిగాడు.

“నాకు మూడు మార్కులు వేసినాయన నేను పనిచేస్తుండగా ఎప్పుడు చూశారు సార్?”

నాకు తెలిసి చూడలేదు. అతనిది ఏడాదిలో ఎనిమిది నెలలు రాత్రి షిఫ్టు. మార్కులు వేసిన క్యూసీ హెడ్ సాయంత్రం ఆరింటికి వెళ్లిపోతారు.

కంపెనీ హైదరాబాద్ శివారులో ఉంది, మాత్రలు తయారుచేస్తుంది. పేరు చెప్పను. నేను అక్కడ హెచ్‌ఆర్ మేనేజరుగా చేరి అప్పటికి ఏడు నెలలు. కార్మికుల జీతాలతో మా అప్రైజల్‌కు సంబంధం లేదు. వాళ్లవి అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం 12(3) సెక్షన్ కింద యూనియన్‌తో, లేబర్ అధికారి సమక్షంలో కుదిరే ఒప్పందం ప్రకారం పెరిగేవి. మిగిలిన 186 మంది స్టాఫ్‌కు మాత్రం రేటింగే దిక్కు. వాళ్ల నెల జీతాల మొత్తం 84 లక్షలు. యాజమాన్యం ఇచ్చిన బడ్జెట్ అందులో 8 శాతం, అంటే నెలకు 6.72 లక్షలు. ఆ డబ్బును 186 మందికి న్యాయంగా పంచాలి. పని అంతే. చెప్పడానికి ఒక్క వాక్యం.

పాత పద్ధతి చాలా సులువు. మేనేజరు ఒకటి నుంచి ఐదులోపు రేటింగ్ ఇస్తాడు. ఐదుకు 14 శాతం, నాలుగుకు 11, మూడుకు 7, రెండుకు 3. ఒకటి వచ్చినవాడికి లెటరే ఉండదు. మొత్తం బడ్జెట్ దాటితే ఫైనాన్స్ వాళ్లు అందరికీ సమానంగా కోసేస్తారు. నలభై వేల జీతగాడికి నాలుగు వస్తే నెలకు 4,400, మూడు వస్తే 2,800. ఒక్క అంకె తేడాతో ఏడాదికి 19,200 రూపాయలు. ఒక పిల్లవాడి స్కూలు ఫీజులో పెద్ద భాగం అది.

ఆ కెమిస్ట్ వెళ్లాక నేను చేసిన మొదటి పని మేనేజర్లవారీగా సగటు తీయడం. పదకొండుమంది మేనేజర్లు. ప్రొడక్షన్ హెడ్ కింద 31 మంది, సగటు 4.3. క్యూసీ హెడ్ కింద 28 మంది, సగటు 2.9. ప్రొడక్షన్‌లో అందరూ మెరికలనీ, ల్యాబ్‌లో అందరూ మొద్దులనీ నమ్మితే తప్ప ఈ అంకెలకు అర్థం లేదు. ప్రొడక్షన్ హెడ్ పెళ్లి పందిట్లో వడ్డించే మనిషిలాంటివాడు, వద్దన్నా వేస్తాడు. క్యూసీ హెడ్‌ను అడిగితే, “ఐదు వేయదగ్గ మనిషిని ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇంకా చూడలేదండీ” అన్నారు, కొంచెం గర్వంగానే. ఇద్దరూ మంచివాళ్లే. కానీ ఆ అంకెలు చెబుతున్నది కింద పనిచేసేవాళ్ల గురించి కాదు, ఈ ఇద్దరి స్వభావాల గురించి. మేమేమో ఆ స్వభావాల ప్రకారం 6.72 లక్షలు పంచుతున్నాం.

ఈ సంగతి మేనేజింగ్ డైరెక్టరుకు చూపిస్తే ఆయన తక్షణం చెప్పిన మందు బెల్ కర్వ్. ప్రతి విభాగంలో ఇంత శాతం మందికే నాలుగు, ఇంత శాతానికి రెండు అని ముందే గీత గీయాలన్నమాట. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ హయాంలో 20-70-10 పద్ధతి పేరుమోసింది: పైన ఇరవై, మధ్యన డెబ్బై, అడుగున పది. దాన్ని చూసి ఎన్నో కంపెనీలు పెట్టుకున్నాయి. అలాంటి పద్ధతినే నడిపిన మైక్రోసాఫ్ట్ 2013లో ఎత్తేసింది. నేను ఆయనతో వాదించింది వేరే కారణంతో. మా రెగ్యులేటరీ విభాగంలో ఉన్నది ఆరుగురు. ఆరుగురిలో బెల్ కర్వ్ గీస్తే, ఏడాదంతా బాగా పనిచేసినా ఒకరికి రెండు రావాల్సిందే. ఆ ఒకరు ఎవరన్నది పని తేల్చదు, ఆ ఏడాది మేనేజరుకు ఎవరితో పొసగలేదన్నది తేలుస్తుంది. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. “సరే, ఒక ఏడాది మీ పద్ధతి చూద్దాం” అన్నారు. అప్పటికి నాకు పద్ధతి ఏమీ లేదు. ఉన్నట్టే తలూపాను.

ఫారాలు చదివితే

పాత ఏడాది ఫారాలు మొత్తం తెప్పించుకుని చదవడానికి పదకొండు రోజులు పట్టింది. వాటిని నాకంటే ముందు ఎవరూ చదివిన జాడ లేదు. అందరూ కిందనున్న అంకె చూసి వదిలేశారు.

ఫారంలో ఎనిమిది గళ్లున్నాయి: పని పరిమాణం, నాణ్యత, చొరవ, సమయపాలన వగైరా. 186 ఫారాల్లో 97 చోట్ల ఎనిమిది గళ్లలోనూ ఒకే అంకె. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే ఈ జబ్బు గురించి రాశాడు. సైన్యాధికారులను కింది వాళ్ల శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, గుణం వేర్వేరుగా చూసి మార్కులు వేయమంటే, ఒకదానిలో బాగా వేసినవాళ్లకు మిగిలినవాటిలోనూ బాగానే వేశారు. మనిషి మీద ఒక అభిప్రాయం ఏర్పడ్డాక గళ్లు ఎన్ని గీసినా లాభం లేదు. ఎనిమిదింటిని మూడుకు తగ్గించాను.

రాతలైతే మరీ అన్యాయం. “పని సంతృప్తికరం, చొరవ పెరగాలి” అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం క్యూసీలో ఏడుగురి ఫారాల్లో కామాతో సహా ఒకేలా ఉంది. ఆ ఏడుగురిలో ఐదుగురు ఎక్కువగా రాత్రి షిఫ్టువాళ్లు.

మన కెమిస్ట్ ఫారంలో మాత్రం అదనంగా ఇంకో వాక్యం ఉంది. ఇతని పనిలో డీవియేషన్లు ఎక్కువని. ఫార్మాలో లేనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. రాసిపెట్టిన పద్ధతి నుంచి ఏ చిన్న తేడా వచ్చినా దాన్ని డీవియేషన్‌గా నమోదుచేసి కారణం వెతకాలి. ఆ ఏడాది ల్యాబ్‌లో నమోదైనవి పదకొండు. అందులో ఆరు ఇతను రాసినవే. హెడ్ దృష్టిలో అవి అతని ఖాతాలో పడ్డ తప్పులు.

క్వాలిటీ అష్యూరెన్స్ వాళ్ల సాయంతో ఆ ఆరు ఫైళ్లూ తెరిచాం. ఒకటి నిజంగానే అతని పొరపాటు, డైల్యూషన్‌లో. మిగిలిన ఐదింటిలో తప్పు యంత్రానిదో, అందులో మందులోని పదార్థాలను విడదీసే కాలమ్ అనే గొట్టానిదో. ఒక జనవరి రాత్రి హెచ్‌పీఎల్‌సీ అనే ఆ పరీక్ష యంత్రం గీసే గ్రాఫులో పీకులు సాగిపోతున్నాయని, యంత్రం పరీక్షకు తగ్గట్టుందో లేదో తేల్చే సిస్టమ్ సూటబిలిటీ రావడం లేదని పరీక్ష ఆపేశాడు. బ్యాచ్ విడుదల రెండు రోజులు ఆలస్యమైంది, మార్కెటింగ్ వాళ్లు గోల చేశారు. కానీ అదే కాలమ్ మీద ముందు రెండు షిఫ్టులవాళ్లూ పనిచేశారు. అప్పటికే అరిగిపోతున్న కాలమ్‌తో, గీత దాటకుండా ఎలాగోలా నెట్టుకొచ్చి, ఏమీ రాయకుండా ఇంటికి వెళ్లారు. వాళ్లలో ఒకరికి నాలుగు వచ్చింది.

తప్పు చేసినవాడికీ, తప్పు పట్టుకుని కాగితం మీద పెట్టినవాడికీ మా ఫారంలో ఉన్నది ఒకే గడి. ఇది జీతాల అన్యాయంతో ఆగదు. డీవియేషన్ రాస్తే ఇంక్రిమెంట్ తగ్గుతుందని ల్యాబ్‌కు ఒకసారి అర్థమైతే రెండో ఏడాది ఎవరూ రాయరు. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్లు మొదట వెతికేది అలాంటి శుభ్రమైన రికార్డుల వెనక ఏముందనే. ఈ ఒక్క ఫైలు చూపించాక మేనేజింగ్ డైరెక్టరు మళ్లీ బెల్ కర్వ్ మాట ఎత్తలేదు.

తెలుగులో రాయమన్నాను

కొత్త ఫారంలో మూడే ప్రశ్నలు. ఈ ఏడాది ఈ మనిషి వల్ల జరిగిన రెండు పనులు, తేదీతో సహా. జరగాల్సి ఉండి జరగనిది ఒకటి. ఆ సంగతి ఆయనకు ఎప్పుడు చెప్పారు? మూడోది ఖాళీగా ఉంటే తక్కువ రేటింగ్ చెల్లదు. మార్చిలో మొదటిసారి వినే తప్పుకు ఏప్రిల్‌లో జీతం కోయడం నాకు నచ్చదు.

దానికి కింద ఒక చిన్న మాట చేర్చాను: తెలుగులోగానీ ఇంగ్లీషులోగానీ రాయవచ్చు. ఇది పెద్ద ఆలోచనేమీ కాదు, ఇంగ్లీషు దగ్గర ప్రొడక్షన్ హెడ్ మాటిమాటికీ అడ్డం పడుతుంటే విసిగి పెట్టాను. ఫలితం చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఇంగ్లీషులో పన్నెండుమందికి “గుడ్ టీమ్ ప్లేయర్” అని రాసిన అదే మనిషి, గ్రాన్యులేషన్ సూపర్‌వైజరు ఒకతని గురించి ఇలా రాశారు:

“ఆగస్టు 9 రాత్రి తేమ శాతం పడకపోతే బ్యాచ్ ముందుకు పోనివ్వలేదు. రెండింటికి ఫోన్ చేసి నన్ను లేపాడు. లేపినందుకు తిట్టాను. పొద్దున వచ్చి చూస్తే డ్రయర్ ఫిల్టరు బ్యాగు చిరిగి ఉంది. తిట్టినందుకు ఇప్పటిదాకా సారీ చెప్పలేదు, ఈ ఫారం చూపించేటప్పుడు చెబుతాను.”

చెప్పారట. ఆ సూపర్‌వైజరే నాకు తర్వాత చెప్పాడు.

తెలుగులో రాస్తే అందరూ ఇలా రాశారనుకోకండి. ముగ్గురు మేనేజర్లు “మంచి వ్యక్తి, కష్టజీవి” దగ్గరే ఆగారు. ఆ ఫారాలు వెనక్కి పంపాను. ఒకాయన రెండుసార్లు తిరిగొచ్చాక నాతో మాట్లాడటం మానేశారు, ఇప్పటికీ క్యాంటీన్‌లో పక్క బల్లకు వెళ్తారు.

ఫారం ఉద్యోగికి చూపించాలన్న దగ్గర చాలా ప్రతిఘటన వచ్చింది. “చూపిస్తే నిజం ఎవరు రాస్తారండీ?” అన్నారు. నేను ప్రభుత్వోద్యోగాల ఉదాహరణ చెప్పాను. అక్కడ దశాబ్దాలపాటు రహస్య నివేదికలే నడిచాయి. దేవ్ దత్ అనే బోర్డర్ రోడ్స్ ఇంజినీరు కేసులో సుప్రీంకోర్టు 2008లో ఆ అలవాటును తప్పుపట్టింది. ఆయనకు 1993-94లో వచ్చింది “గుడ్”. వినడానికి మంచి మాటే. కానీ పదోన్నతికి “వెరీ గుడ్” కావాలి. ఆ ఒక్క “మంచి” మాట వల్ల ప్రమోషన్ పోయింది, ఆ మాట పడిందనే ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఏ రేటింగైనా సరే తెలియజేయాల్సిందేనని కోర్టు అన్నది. మాది ప్రైవేటు కంపెనీ, ఆ తీర్పు మాకు నేరుగా వర్తించదు. కానీ మా దగ్గర మూడు మార్కులు చేసే పని కూడా అదే. మూడంటే ఫరవాలేదనే కదా అని అందరూ అంటారు, జీతం దగ్గర మాత్రం అది శిక్ష.

మూడు గంటల గది

ఫిబ్రవరి చివర్లో పదకొండుమంది మేనేజర్లను ఒక గదిలో కూర్చోబెట్టాను. ఒకరి రేటింగులు మిగతావాళ్ల ముందు పెట్టి సరిచూసుకోవడం దీని ఉద్దేశం. ఒకటే నియమం: విశేషణాలు వద్దు, సంఘటన చెప్పండి. “డైనమిక్ అండీ” అని ఎవరైనా అంటే “ఎప్పుడు, ఎక్కడ?” అని అడగడం నా పని. మొదటి అరగంట అందరికీ చిరాకు. తర్వాత వాళ్లే ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు, నాకంటే కటువుగా.

క్యూసీ హెడ్‌ను మార్చింది నేను కాదు, ప్యాకింగ్ మేనేజరు. “మీ రాత్రి కుర్రాడు లేకపోతే నా బ్లిస్టర్ లైను వారానికి రెండుసార్లు శాంపిల్ రిపోర్టు కోసం ఆగిపోయేది. వాడికి మూడేమిటండీ?” అన్నారు. హెడ్ కాసేపు మాట్లాడలేదు. “ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదే” అన్నారు చివరకు. అందరికంటే ఆయనకే ఆ గదిలో ఎక్కువ ఇబ్బంది అయింది, అందరికంటే నిజాయితీగా మార్చిందీ ఆయనే. ఆ కెమిస్ట్ రేటింగ్ నాలుగైంది.

ఆ రోజు మొత్తం 38 రేటింగులు మారాయి: 24 తగ్గాయి, 14 పెరిగాయి. ప్రొడక్షన్ సగటు 3.7కు వచ్చింది, క్యూసీది 3.4కు. రెంటినీ బలవంతాన సమానం చేయలేదు. విభాగాల మధ్య నిజంగానే తేడా ఉండవచ్చు.

సహోద్యోగుల చేత మార్కులు వేయించే ప్రయోగం కూడా ఆ ఏడాదే చేశాను, అది బెడిసికొట్టింది. ఒకే గదిలో అద్దెకుండే నలుగురు కుర్రాళ్లు ఒకరికొకరు ఐదులు వేసుకున్నారు. వేరే ప్లాంటు నుంచి బదిలీ మీద వచ్చినాయనకు ఎవరూ తెలియక రెండులు పడ్డాయి. మార్కులు పక్కన పడేసి ఒక్క ప్రశ్న మాత్రం ఉంచాను: ఈ ఏడాది ఎవరి సాయం వల్ల మీ పని ముందుకు కదిలింది? తొమ్మిది ఫారాల్లో ఆ రాత్రి షిఫ్టు కెమిస్ట్ పేరుంది. అందులో ల్యాబ్ వాళ్లవి రెండే.

అంకె ఒకటి, ప్రశ్నలు రెండు

రేటింగులు ఎంత సరిచేసినా, వాటిని నేరుగా శాతాలుగా మారిస్తే న్యాయం జరగదని నాకు తెలిసింది జీతాల పట్టీ ముందేసుకున్నప్పుడు. సీనియర్ కెమిస్ట్ గ్రేడుకు మా దగ్గర 30 వేల నుంచి 50 వేలదాకా పరిధి. అందులో ఇద్దరు, ఇద్దరికీ నాలుగే. ఒకరిది 32 వేలు, ట్రెయినీగా చేరి పైకొచ్చినవాడు. ఇంకొకరిది 47 వేలు, మనుషులు దొరకని రోజుల్లో బయటినుంచి అడిగినంత ఇచ్చి తెచ్చుకున్నవాడు. పాత లెక్కన ఇద్దరికీ 11 శాతం ఇస్తే ఒకరికి 3,520, ఇంకొకరికి 5,170. పదిహేను వేల తేడా 16,650 అవుతుంది. ఒకే పని, ఒకే రేటింగ్, ఏటేటా పెరిగే దూరం. బేరమాడటం తెలిసినవాడికి కంపెనీ జీవితాంతం కట్టే బహుమతి అది.

అందుకే ఒక గళ్ల పట్టిక వేశాం. ఒక పక్క రేటింగ్, రెండో పక్క ఆ మనిషి జీతం తన గ్రేడు పరిధిలో ఎక్కడుంది అన్నది: కింది మూడో వంతులోనా, మధ్యనా, పైనా. రేటింగ్ నాలుగైతే వరసగా 13, 9, 6 శాతం. మూడైతే 9, 6, 3. పరిధి చివరి మెట్టు మీద ఉన్నవాళ్లకు జీతం పెంచకుండా ఆ సొమ్మును ఏడాదికి ఒకేసారి చేతికివ్వాలి. అచ్చులో చూస్తే ముచ్చటగా ఉంది.

మొదటిసారి లెక్క వేస్తే బడ్జెట్ 41 వేలు దాటింది. ఫైనాన్స్ వాళ్లు ఎప్పటిలాగే అందరికీ సమానంగా కోద్దామన్నారు. నేను పట్టుబట్టి పై మూడో వంతు గళ్లలోంచే కోయించాను. అక్కడ నాలుగుకు ఆరు శాతం ఐదైంది. ఆ గళ్లలో ఎక్కువమంది మేనేజర్లే, నేనూ అందులోనే ఉన్నాను కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. ఆ కోతను నా ఘనకార్యమనే అనుకున్నాను, కొన్ని వారాలు.

ఇద్దరికీ మొత్తం ఎంత వచ్చిందో చూడండి. 32 వేలవాడికి 4,160, 47 వేలవాడికి 2,350. తేడా 13,190కి దిగింది. రెండో అతను వచ్చి అడిగాడు. పట్టిక చూపించి చెప్పాను. సంతోషపడలేదు, ఆరు నెలలకు వేరే కంపెనీకి వెళ్లాడు. దాన్ని నష్టం కాదనను.

ప్రసూతి సెలవు నుంచి వచ్చిన ఇద్దరి సంగతి త్వరగా తేలింది. 2017 సవరణ తర్వాత ఆ సెలవు 26 వారాలు. “సగం ఏడాది లేరు కదా” అని ఇద్దరికీ కళ్లు మూసుకుని మూడు వేయడం ఆనవాయితీ. ఉన్న నెలల పనికే రేటింగ్, ఇంక్రిమెంట్ మాత్రం పూర్తి ఏడాదికి అని రాసిపెట్టాం. ఒకరికి నాలుగు వచ్చింది, ఒకరికి మూడే వచ్చింది. ఆ మూడుకు తేదీలతో కారణం ఉంది, ఆమె చదివి సంతకం పెట్టారు.

లెటర్లు ఇచ్చాక పదిహేను రోజుల గడువుతో అప్పీలు పెట్టాం. 23 వచ్చాయి, ఏడు మార్చాం. ఆ ఏడాది రాజీనామాలు తగ్గాయి. కానీ చుట్టుపక్కల కంపెనీలు కూడా ఆ ఏడాది మనుషులను తీసుకోవడం తగ్గించాయి, అందుకని ఆ ఘనత పట్టికది అని చెప్పను. ల్యాబ్‌లో డీవియేషన్లు పదకొండు నుంచి పంతొమ్మిదికి పెరిగాయి. బోర్డుకు ఇచ్చిన నివేదికలో దీన్ని మంచి వార్తగా రాశాను. ఎందుకు మంచి వార్తో వివరించడానికి ఇంకో పేజీ పట్టింది.

స్టోర్స్ ఇన్‌చార్జి

అప్పీళ్లలో చివరిది స్టోర్స్ ఇన్‌చార్జిది. ఇరవై నాలుగేళ్ల సర్వీసు, రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లు. రేటింగ్ నాలుగు. జీతం 52 వేలు, ఆయన గ్రేడులో చివరి మెట్టు. పట్టిక ప్రకారం ఐదు శాతం, జీతంలో కలపకుండా ఒకేసారి: 31,200 రూపాయలు. నేను మర్యాదగానే వివరించాను. ఆయన అంతా విని, “ఇది బేసిక్‌లో కలవదు కదా సార్?” అన్నారు.

కలవదన్నాను.

జేబులోంచి ఆ లెటరే తీసి వెనక పెన్సిలుతో వేసిన లెక్క చూపించారు. ఆ ఐదు శాతం, అంటే 2,600, జీతంలో కలిసి ఉంటే మూడేళ్లకు 93,600. మా దగ్గర బేసిక్ సగం, అంటే 1,300 పెరిగేది. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం చొప్పున 36 నెలలకు 5,616. గ్రాట్యుటీకి 1,300ను పదిహేనుతో హెచ్చించి, ఇరవై ఆరుతో భాగించి, ఇరవై ఏడేళ్లతో హెచ్చిస్తే 20,250. మొత్తం 1,19,466. “మీరిచ్చింది 31,200” అన్నారు. గొంతు పెంచలేదు. స్టాకు రిజిస్టరులో తేడా చూపించినట్టే చూపించారు.

ఆ రాత్రి కాలిక్యులేటరుతో మళ్లీ వేశాను. రూపాయి తప్పు లేదు. నేను గర్వంగా కోయించిన ఆ ఒక శాతం కూడా అందులో ఉంది. జీతం తక్కువగా ఉన్నవాడికి న్యాయం చేయడానికి వేసిన పట్టిక, ఎక్కువ జీతం అనే గడిలో రెండు రకాల మనుషులను కలిపేసింది: బేరమాడి పైకెక్కినవాళ్లనూ, పాతికేళ్లు మెట్టు మెట్టుగా ఎక్కినవాళ్లనూ.

ఆయన అప్పీలు ఆ ఏడాది మార్చలేకపోయాను, బడ్జెట్ మూసేశారు. మరుసటి ఏడాది నుంచి, రిటైర్మెంటుకు ఐదేళ్లలోపు ఉండి చివరి మెట్టు మీద ఉన్నవాళ్లకు ఇంక్రిమెంట్ బేసిక్‌లోనే కలపాలని నియమం మార్పించాను. అలాంటివాళ్లు మొత్తం నలుగురు. కొత్త లెటరు ఇచ్చినప్పుడు స్టోర్స్ ఇన్‌చార్జి అక్కడే నిలబడి రెండుసార్లు చదివారు. తర్వాత పెన్సిలు అడిగి తీసుకున్నారు.